శ్రుతికి పేరు వెయ్యరు

నేను ఒక్క పాట కూడా రాని వాద్యాన్ని. రాగం తెలీదు, తాళం తెలీదు. ఉన్నవి మూడే స్వరాలు: కింది షడ్జం, పంచమం, పై షడ్జం. ఎవరు ఏం పాడినా ఆ మూడింటినీ ఒకేసారి, ఆపకుండా పలుకుతూ కూర్చోవడం నా పని. నన్ను శ్రుతి పెట్టె అంటారు. గొంతు బాగుంటే గాయనిని మెచ్చుకుంటారు, కమాను బాగుంటే వయొలిన్ ఆయన్ని మెచ్చుకుంటారు. నేను బాగుంటే ఎవరికీ గుర్తు రాను. బాగా లేకపోతే మాత్రం అందరూ తల తిప్పి నావైపు చూస్తారు. అందుకు నాకేం బాధ లేదు. చెక్కపెట్టెకి బాధేమిటి? బాధపడ్డ మనిషి వేరే ఉంది. నాకు గాలి ఇచ్చింది ఆవిడే.

నన్ను చేసినవాడు రాజమండ్రి కొండలరావు. నాటకాల వాళ్ల హార్మోనియాలు బాగుచేసేవాడు. వేసవి పందిళ్లలో పద్యాలు మోసి మోసి పగిలిపోయిన హార్మోనియాలు అతని అరుగు మీద గుట్టగా పడి ఉండేవి. ఇక బాగుపడదు అనుకున్న ఒకదాని లోంచి మూడు ఇత్తడి రీడ్లు ఊడదీసి, టేకు పెట్టెలో బిగించి, అట్టముక్కలు మడతలు పెట్టి, అంచులకు మేకతోలు అతికి తిత్తి కట్టాడు. ఆ తిత్తిని తెరిచి మూస్తూ ఉంటే నేను పలుకుతాను.

రీడును ఆకురాయితో గీసి శ్రుతి చేస్తారు. కొన దగ్గర గీస్తే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీస్తే దిగుతుంది. పంచమం దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోంచి కాఫీ వచ్చింది. ఒక చేత్తో గ్లాసు అందుకుంటూ రెండో చేత్తో మొదట్లో ఒక గీత ఎక్కువ గీశాడు. పంచమం పోగంత దిగింది. షడ్జంతో కలవక, గుయ్యి గుయ్యిమని ఊగడం మొదలుపెట్టింది. అతనికి వినపడింది. కొనడానికి వచ్చి ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి వినపడలేదు. కొండలరావు కాఫీ చల్లారకముందే తాగేసి ఊరుకున్నాడు. నేను పుట్టుకతోనే కాస్త తక్కువదాన్ని.

కొన్న పెద్దమనిషి రైల్వే గుమస్తా పార్వతీశం గారు. ఆయనకి ఇద్దరు కూతుళ్లు. విశాలాక్షికి పదహారు, భ్రమరాంబకి పన్నెండు. ఇద్దరూ పాడేవారు. ఎవరు బాగా పాడేవారో నాకు తెలుసు, కానీ ఇప్పుడు చెప్పి లాభం లేదు. పెట్టె ఒకటే. ఒకరు పాడుతుంటే ఒకరు నన్ను వెయ్యాలి. "పెద్దది పాడుతుంది, చిన్నది శ్రుతి వేస్తుంది," అన్నాడాయన, భోజనం దగ్గర పెరుగు కలుపుకుంటూ. గిన్నెలు ఎవరు కడగాలి, ముగ్గు ఎవరు వెయ్యాలి అని చెప్పినట్టే చెప్పాడు. ముప్పై ఏళ్లు నడిచిన ఆ ఏర్పాటు పెరుగన్నం ముగిసేలోపే తేలిపోయింది.

భ్రమరాంబ ఏడవలేదు. చెయ్యి కడుక్కొచ్చి, నా తిత్తి బారుగా తెరిచి, రెండు అట్టమడతల మీద పెన్సిలుతో తన పేరు రాసుకుంది. ఒక మడత మీద 'భ్రమ', పక్క మడత మీద 'రాంబ'. తిత్తి తెరిస్తే పేరు కనబడుతుంది, మూస్తే మడతల్లోకి పోతుంది.

విశాలాక్షి చూసింది. "పెట్టె నీదేమిటే?"

"పెట్టె నాన్నది. వేసేది నేనేగా."

"సరేలేవే భ్రమా," అంది అక్క. ఇంట్లో అందరూ ఆమెని అలాగే పిలిచేవారు, సగం పేరుతో.

నా పంచమం సంగతి రెండో రోజే ఆ పిల్ల చెవికి దొరికిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తిరిగి ఇచ్చేస్తారని భయం. తనే తంటాలు పడింది. గాలి ఎక్కువైతే నా పంచమం ఇంకా దిగుతుంది, గాలి తగ్గితే కాస్త పైకి లేస్తుంది. మరీ తగ్గితే మూగబోతుంది. ఆ రెంటి మధ్య వెంట్రుకంత చోటు ఉంది. అరచేతి మడమతో, ఉంగరపు వేలితో తిత్తిని అదిమీ అదమనట్టు మూస్తే, ఆ చోట నా పంచమం సరిగ్గా నిలబడుతుంది. ఆ పట్టు పట్టడానికి ఆమెకి రెండేళ్లు పట్టింది. నిద్రపోతున్న పసిబిడ్డ కింద నుంచి చెయ్యి లాక్కునే తల్లి ఎంత మెల్లగా లాక్కుంటుందో అంత మెల్లగా నొక్కేది. రెండు గంటల కచేరీ పొడవునా అలాగే.

ఈ సంగతి విశాలాక్షికి తెలీదు. ఆమెకి తెలిసింది ఒకటే: ఇంట్లో తను సాధనకి వేసుకుంటే పెట్టె గుయ్యిమంటుంది, కచేరీలో బుద్ధిగా ఉంటుంది. "దీనికి నలుగురిని చూస్తే సిగ్గొస్తుంది కాబోలు, అక్కడ మాత్రం ఒద్దికగా పలుకుతుంది," అని నవ్వేది. వయొలిన్ ఆయన కూడా నవ్వేవాడు. వెనకాల కూర్చున్న భ్రమరాంబ కూడా నవ్వేది. చెప్పొచ్చు కదా అని మీరు అంటారు. నాకూ అనిపించేది. ఎవరైనా అడుగుతారని ఆమె ఎదురుచూసిందేమో. అడగకుండా చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుందని ఆ ఇంట్లో ఆడపిల్లలకి నేర్పారు.

విశాలాక్షికి సికింద్రాబాదు సంబంధం కుదిరింది, కొన్నేళ్లకు చెల్లెలికీ అదే ఊరు. కచేరీలు సాగాయి. రామనవమి పందిళ్లు, సభల వార్షికోత్సవాలు, పుష్కరాల వేదికలు. కచేరీ కచేరీకీ కాగితం అచ్చు వేసేవారు. గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా, ఘటం ఉంటే ఘటం ఫలానా. భ్రమరాంబ ఆ కాగితాలన్నీ ఇంటికి తెచ్చి బీరువాలో చీరల కింద పరిచేది. ఒకసారి, ఏదో సభ వాళ్లు తోటలో షామియానా వేసిన వాళ్ల పేరు కూడా కాగితం అడుగున వేశారు. ఆ రోజు ఆటోలో వస్తూ అంది, "అక్కా, షామియానా వాళ్ల పేరు వేశారు చూశావా?"

"ఊఁ."

"నాది కూడా వెయ్యమని చెప్పకూడదూ? ఏ మూలనైనా సరే."

విశాలాక్షి నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆమె చెడ్డ మనిషి కాదు. "శ్రుతికి పేరు వేస్తారటే ఎవరైనా? నలుగురూ నవ్విపోతారు. నువ్వు నా చెల్లెలివని అందరికీ తెలుసుగా," అంది. ఆపైన ఇద్దరూ కూరగాయల ధరల గురించి మాట్లాడుకున్నారు.

కొన్నాళ్లకి కరెంటుతో పలికే శ్రుతి పెట్టె వచ్చింది. మీట నొక్కితే చాలు, మనిషి అక్కర్లేదు. విశాలాక్షి దాన్ని కొనుక్కుని, నన్ను చెల్లెలికి ఇచ్చేసింది. "ఇక నీకు శ్రమ తప్పిందే భ్రమా. హాయిగా ముందు వరసలో కూర్చుని వినొచ్చు," అంది. ప్రేమగానే అంది. భ్రమరాంబ ముందు వరసలో ఒకటి రెండుసార్లు కూర్చుంది. ఒళ్లో చేతులు ఊరికే ఉండలేక హ్యాండ్‌బ్యాగు మూత తెరిచి మూస్తుండేదిట. తర్వాత వెళ్లడం మానేసింది.

భ్రమరాంబ వాళ్ల ఇల్లు వారాసిగూడలో. గేటు మీద రాతిపలక, దాని మీద భర్త పేరు, కామేశ్వరరావు, ఆయన రిటైరైన కరెంటు ఆఫీసు పేరు. గ్యాసు ఆయన పేర, నీళ్ల బిల్లు ఆయన పేర. భ్రమరాంబ పేరు అచ్చులో పడింది పెళ్లి శుభలేఖ మీద ఒకసారి. రేషన్ కార్డులో ఉందిగానీ అక్కడ దీర్ఘం ఎగిరిపోయింది. నా చోటు వంటింట్లో పై అలమార, కందిపప్పు డబ్బా పక్కన. రోజూ మధ్యాహ్నం మూడింటికి, కామేశ్వరరావు గారు పేపరు మొహం మీద కప్పుకుని పడుకోగానే, నన్ను దించి చాప మీద పెట్టుకుని వేసేది. పాడేది కాదు. ఊరికే శ్రుతి వేసేది, పావుగంట. ఆ పావుగంటా నా పంచమం సరిగ్గా ఉండేది.

ఒకరోజు ఆమె చెయ్యి నొప్పిగా ఉండి గాలి ఎక్కువ పోయింది. నేను గుయ్యిమన్నాను. ఆ గుయ్యి విని పైవాటాలో అద్దెకున్న అమ్మాయి మెట్లు దిగి వచ్చింది.

ఆ అమ్మాయి పేరు తన్మయి. ముప్పై ఏళ్లుంటాయి. వచ్చి ఏడాది దాటింది. సంగీతం చేస్తానంటుంది గానీ గదిలోంచి పాట ఎప్పుడూ వినపడలేదు. ఫ్రిజ్ చప్పుడు, గొళ్లెం గీరిన చప్పుడు, వాన నీళ్లు రేకు మీద పడే చప్పుడు రికార్డు చేసుకుని, వాటినే మళ్లీ మళ్లీ వింటూ ఉండేది. "పాపం, ఉద్యోగం దొరకలేదేమో," అనేవారు కామేశ్వరరావు గారు.

"ఆంటీ, ఆ సౌండ్ ఏంటి? మళ్లీ ఒకసారి చేస్తారా?"

"అది తప్పు సౌండమ్మా. చెయ్యి నొప్పిగా ఉండి..."

"తప్పేంటాంటీ, ఎంత బాగుందో. అందులో బీట్స్ ఉన్నాయి."

"బీట్సా? దీనికి తాళం లేదమ్మా."

"ఆ ఊగడాన్నే బీట్స్ అంటారాంటీ," అని తన్మయి నవ్వి, నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెవి నా చెక్కకి ఆనించింది. ఇంతవరకూ నా దగ్గరగా అలా చెవి పెట్టినవాళ్లు ఇద్దరే: ఒకడు కొండలరావు, ఒకరు భ్రమరాంబ. వాళ్లిద్దరూ లోపం కోసం పెట్టారు. ఈ అమ్మాయి అదే లోపం విని కళ్లు మూసుకుంది.

ఈ ఊళ్లో అలాంటి సంగీతం ఒకటి ఉందని నాకూ అప్పుడే తెలిసింది. అది వినేవాళ్లు ఓ నలభైమంది. ఎక్కడ జరిగినా ఆ నలభైమందే వస్తారు. పెళ్లివారిలా ఒకరినొకరు పలకరించుకుంటారు. ఎక్కువగా జరిగేది మారేడుపల్లిలో ఒక పాత బంగళాలో, దానికి 'పెంకుటిల్లు' అని పేరు పెట్టారు, పెంకు ఒక్కటి కూడా లేకపోయినా. అక్కడ ఒకరు పళ్లెంలో గోలీలు దొర్లిస్తారు. ఒకరు క్లారినెట్‌లో స్వరం రానీయకుండా ఉత్త ఊపిరి ఊదుతారు. జోయెల్ అనే కుర్రాడు వయొలిన్‌కి పెద్దన్నలా ఉండే చెల్లోని నేల మీద నిలబెట్టి, కమానుతో తీగని వదిలేసి చెక్కని రుద్దుతాడు. ముందుగా రాసుకున్నది కొంత, అక్కడికక్కడ తోచింది కొంత. ఎప్పుడు అయిపోయిందో తెలీక జనం చప్పట్లకి ముందు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. నేను వెక్కిరించడం లేదు. వాళ్లు విన్నంత శ్రద్ధగా రామనవమి పందిట్లో ఎవరూ వినలేదు. ఆ పందిళ్లలో సగంమంది పానకం కోసం వచ్చేవారు.

తన్మయి నా గుయ్యి చుట్టూ ఒక కృతి అల్లింది. దానికి 'ఊపిరి' అని పేరు పెట్టింది. నా పంచమం ఊగే వేగాన్ని బట్టి జోయెల్ కమాను లాగుతాడు, క్లారినెట్ అమ్మాయి ఊపిరి ఊదుతుంది. చివర అందరూ ఆగిపోతారు, నేనొక్కదాన్నే మూడు నిమిషాలు. "మీరే వెయ్యాలాంటీ. వేరేవాళ్లు వేస్తే ఇది ఇలా పలకట్లేదు. నేను ట్రై చేశా," అంది.

భ్రమరాంబ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. వెంటనే ఒప్పుకోలేదు. పోపు మాడుతోందని లోపలికి వెళ్లి, పొయ్యి ఆపి, తిరిగొచ్చింది.

"ఒక్కమాట తన్మయీ. కాగితం వేస్తారుగా, ఎవరెవరు ఏం వాయిస్తున్నారో?"

"ప్రోగ్రామ్ షీటా? వేస్తాం ఆంటీ."

"అందులో నా పేరు కూడా వేస్తారా?"

"అదేంటాంటీ అలా అడుగుతారు? మీరే కదా మెయిన్."

"మామూలుగా శ్రుతికి పేరు వెయ్యరు."

"మా దగ్గర అందరూ ఈక్వల్. తప్పకుండా వేస్తాం."

పేరు వెయ్యమని అడిగినావిడ పేరు చెప్పలేదు. వేస్తానన్న అమ్మాయి అడగలేదు. ఏడాదికి పైగా ఒకే కప్పు కింద ఉన్నారు, ఒకే కుళాయి నీళ్లు తాగారు. అడగాల్సిన అవసరం ఉందని ఇద్దరికీ తోచలేదు.

రిహార్సళ్లు పైవాటాలోనే జరిగాయి. "గట్టిగా నొక్కండాంటీ, ఇంకా గట్టిగా," అనేది తన్మయి. నొక్కలేకపోయేది. యాభై ఏళ్లు చెయ్యకూడదని నేర్చుకున్న పని అది. నొక్కబోగానే అరచెయ్యి తనంతట తానే మెత్తబడేది. మూడు రోజులు అయ్యాక గాని నేను వాళ్లకి కావలసినట్టు గుయ్యిమనలేదు. ఆ రోజు తన్మయి మైకులు పెట్టి మొత్తం రికార్డు చేసుకుంది.

"అన్నం మాడ్చమని వాళ్లే చెప్పి, మాడితే ఆహా అంటున్నట్టుందండీ," అని భర్తకి చెప్పింది సాయంత్రం, టీ ఇస్తూ.

"మాడ్చు. తినేది వాళ్లేగా," అన్నారాయన.

ఆమె అక్కకి ఫోన్ చేసింది. విశాలాక్షి కచేరీలు మానేసి ఆరేడేళ్లయింది, మోకాళ్ల నొప్పులు. పిల్లలకి పాఠాలు చెబుతోంది.

"ఆదివారం పొద్దున పదకొండింటికక్కా. నువ్వు తప్పకుండా రావాలి."

"ఎవరే పాడేది?"

"ఎవరూ పాడరు."

"పాడేవాళ్లు లేకపోతే శ్రుతి ఎవరికే?"

భ్రమరాంబ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "నాకే," అంది. ఆ వెంటనే, ఇంక ఆపుకోలేక, "కాగితంలో పేరు వేస్తున్నారే," అని కూడా చెప్పింది. అవతల విశాలాక్షి ఏమందో నాకు వినపడలేదు. ఈమె మొహం మాత్రం చూశాను. పన్నెండేళ్లప్పుడు పెన్సిలు పట్టుకున్న రోజున ఉన్నట్టే ఉంది.

ఆదివారం తెల్లవారే లేచి పప్పు, చారు, వంకాయ కూర చేసి మూతలు పెట్టింది. అంచున్న గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. నన్ను తుడిచింది. తోలు అంచులకి కొబ్బరినూనె రాసింది. ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కామేశ్వరరావు గారు తను పట్టుకుంటానన్నా ఇవ్వకుండా.

పెంకుటింట్లో ఫ్యాన్లు ఆపేశారు, మైకుల్లో గాలి చప్పుడు వస్తుందని. నలభైమంది చెమటలు తుడుచుకుంటూ నిశ్శబ్దం కోసం కూర్చున్నారు. ప్రతి కుర్చీ మీదా ఒక కాగితం. ఆ కాగితం జోయెల్ తయారుచేశాడు. తెలుగులోనే చేశాడు, తెలుగు అక్షరాలు గుండ్రంగా బొమ్మల్లా ఉంటాయని. అతనికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం అంతంత మాత్రం.

తెర పక్కన చాప వేసుకుని భ్రమరాంబ నా కొక్కెం తీస్తుండగా విశాలాక్షి వచ్చింది, గోడ పట్టుకుని మెల్లగా నడుస్తూ, చేతిలో ఆ కాగితం చాచి పట్టుకుని.

"లాప్‌టాప్, తన్మయి. లాప్‌టాప్‌కి కూడా పేరు వేశారే, ముచ్చటగా ఉంది. చెల్లో, జోయెల్. క్లారినెట్... ఇదేదో నోరు తిరగట్లేదు. శ్రుతి పెట్టె, శృతి." కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది. "ఈ శృతి ఎవరే? నువ్వు వెయ్యట్లేదా?"

భ్రమరాంబ కాగితం తీసుకుంది. ఒత్తు దగ్గర వేలు పెట్టి చూసింది. రావత్తు ఉండాల్సిన చోట వట్రుసుడి ఉంది. పెట్టె పేరు సరిగ్గానే రాశారు, మనిషి పేరు దగ్గరే తప్పు. ఆ మనిషి అసలు లేదు.

"నేనేనక్కా," అంది.

"నువ్వు భ్రమవి కదే."

"ఇక్కడ శృతిని."

విశాలాక్షికి అర్థమైంది. అర్థం కాగానే నవ్వు వచ్చింది, ఆపుకుంది, పూర్తిగా ఆగలేదు. "పోనీలేవే. నేను ఆ రోజే చెప్పానా," అంది. అది ఓదార్పే. నలభై ఏళ్ల క్రితం ఆటోలో చెప్పిన మాట నిజమైందన్న తృప్తి కూడా అందులో చిటికెడు కలిసింది. కలిసినట్టు ఆమెకే తెలిసి ఉండదు. ముందు వరసలోకి వెళ్లి, మరిదిగారి పక్కన కూర్చుంది.

'ఊపిరి' మొదలైంది. క్లారినెట్ అమ్మాయి ఊదింది. తన్మయి తల ఊపింది. నాకు గాలి రావాల్సిన క్షణం అది.

గట్టిగా నొక్కాలి. మూడు రోజులు నేర్చుకున్నది అదే. భ్రమరాంబ చెయ్యి నా మీద ఆనింది. ఎంత సేపటికీ బరువు పడలేదు. అరచేతి మడమ, ఉంగరపు వేలు. అదిమీ అదమనట్టు. నా పంచమం పైకి లేచింది, నిలబడింది. ముప్పై ఏళ్లు ఏ చోట నిలబడిందో సరిగ్గా అక్కడ. ఊగు లేదు, గుయ్యి లేదు. మూడు స్వరాలూ ఒక్కటై, ఆరేసిన చీర బిగిసినట్టు గది ఈ గోడ నుంచి ఆ గోడకి పరుచుకున్నాయి.

జోయెల్ కమాను ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అతను నా ఊగుని లెక్కపెట్టి లాగాలి. ఊగు లేకపోతే లాగడానికేం లేదు. తన్మయి కళ్లతో అడిగింది, చేత్తో సైగ చేసింది, గట్టిగా అని. భ్రమరాంబ తల ఎత్తలేదు. చివర ఒక్కతే మూడు నిమిషాలు వెయ్యాల్సింది, మొదటి నుంచే ఒక్కతే తొమ్మిది నిమిషాలు వేసింది. ఆ తొమ్మిది నిమిషాల్లో ఒక్కసారి కూడా వణకలేదు. నా మడతలు తెరుచుకున్నప్పుడల్లా ఆ పెన్సిలు రాత కనబడుతూనే ఉంది, కానీ అది వేసేవాళ్ల వైపు ఉంటుంది. వినేవాళ్ల వైపు ఉత్త చెక్క.

ఆపేసింది. నలభైమందీ మొహాలు చూసుకుని చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. గడ్డం ఆయన ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అదీ ప్రయోగమే అనుకున్నారు. నిజానికి ఆ రోజు ఆ గదిలో జరిగిన వాటన్నిటిలోకీ పాత సంగతి అదే.

మొదట విశాలాక్షి వచ్చింది. ఈ ఊళ్లో ఆ తొమ్మిది నిమిషాలు ఎంత కష్టమో తెలియగల చెవి ఉంటే అది ఆమెదే. భ్రమరాంబ కొంగుతో మెడ తుడుచుకుంటూ అక్క మొహంలోకి చూసింది. అంత ఆత్రంగా ఆమె ఎవరినీ చూడగా నేను చూడలేదు.

"అబ్బ, ఎంత బాగా పలికిందే," అంది విశాలాక్షి. వంగి నా చెక్క మీద రెండుసార్లు తట్టింది. "చూశావా, నలుగురిలోకి తీసుకొస్తే చాలు దీనికి, ఇప్పటికీ బుద్ధిగానే ఉంటుంది. ముసలిదైనా సిగ్గు పోలేదు."

భ్రమరాంబ నోరు తెరిచింది. యాభై ఏళ్ల మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్క మోకాళ్లు పట్టుకుని నిటారుగా నిలబడడానికి అవస్థ పడుతుంటే, చెయ్యి అందించి లేపింది.

తర్వాత తన్మయి వచ్చింది, వెనకే జోయెల్.

"ఏమైందాంటీ? బీట్స్ అస్సలు రాలేదు?"

"నా పేరు శృతి కాదమ్మా."

తన్మయి మొహం ముందు ఖాళీగా ఉంది, ఆ తర్వాత ఎర్రబడింది. మంచి పిల్ల. దాచలేదు. తన ఫోన్లో ఈమె నంబరు 'శృతి ఆంటీ' అని పెట్టుకుంది, శ్రుతి పెట్టె వేసే ఆంటీ అని గుర్తు కోసం. కాగితం చేస్తూ జోయెల్ పేర్లు అడిగితే ఫోన్లో ఉన్న పేర్లూ నంబర్లూ ఉన్నవున్నట్టే పంపింది. అచ్చులో ఆంటీ అని ఉంటే మర్యాదగా ఉండదని అతను ఆంటీ తీసేశాడు.

"సారీ ఆంటీ. నిజంగా సారీ. నెక్స్ట్ షో బెంగుళూరులో ఉంది, దానికి కరెక్ట్ చేసేస్తాం. మీ పేరు ఏంటో చెప్పండి."

జోయెల్ వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "కానీ ఆంటీ, శృతి కూడా బాగుంది కదా, స్టేజ్ నేమ్ లాగా," అన్నాడు.

భ్రమరాంబ నా తిత్తి మూసింది. కొక్కెం పెట్టింది. "బెంగుళూరు నేను రాలేనమ్మా," అంది. "రికార్డు చేసుకున్నావుగా, గుయ్యిమన్నది. అది చాలుగా నీకు?"

తన్మయి తల ఊపింది. చాలు మరి.

"దీన్ని కూడా నీ దగ్గరే ఉంచుకో."

"అయ్యో, వద్దాంటీ. ఇది మీది."

"పేరు పడింది దానికే కదమ్మా. అదే వస్తుంది." కోపంగా అనలేదు. పక్కింటావిడ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా అంటుందో అలా అంది. కామేశ్వరరావు గారు గుమ్మం దగ్గర నిలబడి, "చారు చల్లారిపోతుంది, రా," అన్నారు. వెళ్లిపోయారు. ఆటోలో ఆ రోజు ఆమె ఒళ్లో ఏం పెట్టుకుందో నాకు తెలీదు.

ఆ తర్వాత కొన్ని ఊళ్లలో 'ఊపిరి' వాయించారని విన్నాను. నా గుయ్యి రికార్డులోంచి వస్తుంది. కాగితంలో శ్రుతి పెట్టె ఎదురుగా పేరు ఉంటుంది, శృతి అనే. దిద్దడానికి అసలు పేరు ఎవరికీ తెలీదు. తన్మయి ఇల్లు మారింది. మళ్లీ అడగడానికి ముందు సిగ్గుపడింది, ఆ తర్వాత ఆలస్యమైపోయింది.

నన్ను పెంకుటింటి వసారాలో గాజు అలమారలో పెట్టారు. ఒక పక్క పాత టేపు రికార్డరు, ఒక పక్క జోయెల్ విరగ్గొట్టిన కమాను. నా కింద చిన్న అట్ట: 'శృతి. టేకు, ఇత్తడి, మేకతోలు.' ఇంకో అట్ట: 'దయచేసి ముట్టుకోవద్దు.' అచ్చులో పేరు పడాలని ఒక్కనాడూ కోరుకోనిదాన్ని నేను. నాకు పడింది. కొక్కెం ఆవిడ పెట్టిందే, ఇంకా ఎవరూ తియ్యలేదు. తోలు ఎండుతోంది. ఇప్పుడు గాలి ఇచ్చినా పంచమం ఎక్కడ నిలబడుతుందో చెప్పలేను.

మొన్న ఒక మధ్యాహ్నం, మూడు గంటల వేళ, ఆమె వచ్చింది. చేతిలో కూరగాయల సంచి, అందులోంచి తోటకూర కాడలు బయటికి కనబడుతున్నాయి. వసారాలో బల్ల దగ్గర కూర్చునే ఆవిడ తప్ప ఎవరూ లేరు. భ్రమరాంబ గాజు ముందు నిలబడి రెండు అట్టలూ చదివింది. కుడిచేతిని గాజుకి ఆనించింది, అరచేతి మడమ, ఉంగరపు వేలు. కాసేపు అలాగే ఉంచి తీసేసింది. గాజు మీద చెమ్మ మరక కాసేపు ఉండి ఆరిపోయింది.

వెళ్లబోతుంటే బల్ల దగ్గరావిడ పెద్ద పుస్తకం, దారంతో కట్టిన పెన్నూ ముందుకు జరిపింది. "చూడ్డానికి వచ్చినవాళ్లందరూ రాస్తారమ్మా. మీ పేరు రాసి వెళ్లండి."

అరవై ఏళ్లు దాటాక, ఒక మనిషి ఆమెని పేరు అడిగి, పెన్ను కూడా చేతికిచ్చింది. భ్రమరాంబ పెన్ను పట్టుకుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి, మూసి ఉన్న నా మడతల వైపు చూసింది. పెన్ను పుస్తకం మీద పెట్టేసింది.

"రాసే ఉందమ్మా," అని చెప్పి, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతూ చాలాసేపు వెతికింది.